మన కాలనీ సంక్షేమ సంఘం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

బోరు మోటారు రిపేరు, వీధి దీపాలు, సీసీ కెమెరాలు, వినాయక చవితి ఖర్చుల లెక్కలు నోటీసు బోర్డులో పెట్టాం. ఏ రసీదు కావాలన్నా కోశాధికారి గారు చూపిస్తారు. ఈ ఏడాది మా తిరుగుడంతా వరద నీళ్ల గురించే కాబట్టి మిగతా నివేదిక కూడా దాని మీదే.

2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో పడిన వాన మనలో ఎవరూ మర్చిపోలేదు. చివరి లైనులో ఉండే పెద్దావిడ ఇంట్లో ఆనాటి నీటి గీత స్విచ్ బోర్డు కింద ఇప్పటికీ ఉంది. రెండుసార్లు రంగు వేయించినా చెమ్మ మళ్లీ పైకి తేలింది. వానాకాలం వస్తే ఆవిడ బియ్యం డబ్బా మంచం మీదే ఉంటుంది. పెద్ద వాన పడింది, ఏం చేస్తామని నాయకులు అన్నప్పుడల్లా ఇన్నాళ్లూ సరేనన్నాం.

ఈసారి పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు కింద కాగితాలు అడిగాం. 30 రోజులు దాటినా జవాబు రాలేదు. అప్పీలు వేశాకే నక్షాలు చేతికొచ్చాయి. పాత నక్షాలో చెరువు అలుగు నుంచి నాలా దాకా కాలువ ఉంది. తర్వాతి నక్షాలో అదే చోట ప్లాట్ల నంబర్లు ఉన్నాయి! పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు వదలాలని 2012 భవన నిబంధనల్లోనే రాసి ఉంది.

మన కాలనీ ఒక్కదాని గొడవే కాదిది. 2000 ఆగస్టు వరదల తర్వాత వచ్చిన కిర్లోస్కర్ కన్సల్టెన్సీ సంస్థ నివేదిక నాలాలు వెడల్పు చేయాలని చెప్పింది. 2006లో జీవో 86తో ఎఫ్‌ఎస్‌ఐ (ప్లాటు విస్తీర్ణాన్ని బట్టి ఎంత కట్టొచ్చనే లెక్క) పరిమితి ఎత్తేశారు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లు (భవనం చుట్టూ వదిలే ఖాళీ) సరిపోతే అంతస్తులు లేస్తున్నాయి, కింద డ్రైనేజీ పైపు మాత్రం పాతదే. 2015లో భవనాల క్రమబద్ధీకరణ, 2020లో లేఔట్ల క్రమబద్ధీకరణ. కట్టేస్తే చాలు, తర్వాత రెగ్యులరైజ్ అవుతుందన్న ధైర్యం జనానికి ఇచ్చింది ప్రభుత్వాలే. 2024లో హైడ్రా (చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చాక కూల్చివేతలు చూశాం. అప్పు చేసి కొనుక్కున్నవాళ్లు సామాన్లతో రోడ్డున పడ్డారు. మరి అనుమతి ఇచ్చినవాళ్లను, ఇప్పించినవాళ్లను అడిగేదెవరు? మనమే అడగాలని కమిటీ తీర్మానించింది.

మూడో ఉత్తరానికి మన ప్రజాప్రతినిధి మీటింగుకు వచ్చారు. రెండు నక్షాలూ పక్కపక్కన పరిచి, కాలువ ఎక్కడికి పోయిందని అడిగాం. 'చూస్తాను' అన్నారు. ఆ మాటను తేదీతో సహా హామీల రిజిస్టరులో రాసి ఆయన సంతకం తీసుకున్నాం. చాలామందికి టెన్షన్‌గానే అనిపించింది కానీ ఒక్కరూ లేచి వెళ్లలేదు. అందుకు సభ్యులకు చేతులెత్తి నమస్కారం.

2020 డిసెంబరులో ఎన్నికైన నగర పాలక సంస్థ (జీహెచ్ఎంసీ) కౌన్సిల్ గడువు 2026 ఫిబ్రవరి దాకానే. ఓట్లడగడానికి ఏ పార్టీ వచ్చినా మొదట ఈ రిజిస్టరే వాళ్ల ముందు పెడతాం. 2020 నాటి ఫోటోలు, వీడియోలు ఎవరి దగ్గరున్నా తేదీ రాసి వచ్చే ఆదివారంలోగా ఆఫీసు గదిలో ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి