బావా, ఆ కొండల వాళ్ళ సంగతి

ఒరేయ్ బావా,

మొన్న ఫోన్లో అడిగావు కదా, "అమెరికాలో మీ కెంటకీ రాష్ట్రంలో వేయించిన చికెనూ, గుర్రాలూ తప్ప ఇంకేముంటాయిరా" అని. జవాబు చెప్పేలోపు సిగ్నల్ పోయింది. పైగా అంతకుముందు నువ్వు మీ బడికి, జముకు వాయిస్తూ కథ పాడే ఆ జముకుల కథ ముసలాయన్ని పిలిపించే విషయం ఎత్తావు, అది కూడా సగంలో ఆగింది. రెండిటికీ కలిపి ఇప్పుడు రాస్తున్నా. పొడుగవుతుంది, టీ పెట్టుకుని చదువు.

మా లెక్సింగ్టన్ నుంచి తూర్పుకి రెండున్నర గంటలు కారులో పోతే అపలాచియన్ కొండల మధ్య హిండ్‌మన్ అని చిన్న ఊరు. ఊళ్ళోంచి పారే వాగు పేరు ట్రబుల్‌సమ్ క్రీక్. టీవీ వాళ్ళకి ఈ ప్రాంతం అంటే బొగ్గు మసి, పేదరికం, మత్తు మాత్రలు, అంతే. అబద్ధం అనను, ఉన్నాయి. కానీ 1902లో కేథరిన్ పెటిట్, మే స్టోన్ అని ఇద్దరు ఆడవాళ్ళు అక్కడ మొదలుపెట్టిన సెటిల్‌మెంట్ స్కూల్, అంటే చదువుతో పాటు ఊరివాళ్ళకీ సాయపడే బడి, ఇప్పటికీ నడుస్తోంది. ఏటా వేసవిలో ఆ కొండల రచయితలు అక్కడ చేరి ఒక వారం పాటు పగలు రాయడం నేర్పుతారు, నేర్చుకుంటారు, రాత్రయితే వరండాలో పాటలు.

ఆ స్కూల్లో ఒకప్పటి లైబ్రేరియన్ జేమ్స్ స్టిల్. రోడ్లు లేని కాలంలో పుస్తకాల పెట్టె భుజాన పెట్టుకుని, వాగుల వెంట నడిచి ఒంటిగది బడులకి పుస్తకాలు మోసిన మనిషి. 1939లో దుంగలతో కట్టిన ఒక పాత ఇంటికి మారిపోయాడు, ఆ మరుసటి ఏడే 'రివర్ ఆఫ్ ఎర్త్' నవల వచ్చింది. అందులో నీకు నచ్చే ముక్క ఒకటి చెప్తా. గనిలో పని లేదు, ఇంట్లో గింజలు నిండుకుంటున్నాయి, మొగుడి తరఫు చుట్టాలు మాత్రం తిష్ఠ వేసి కదలరు. "నా వాళ్ళని నేను ఎలా పొమ్మంటాను" అంటాడు మొగుడు. ఆవిడ ఏం చేసిందో తెలుసా, సామాను బయటకి చేర్చేసి ఇంటికి నిప్పు పెట్టేసింది! మొగుడూ పిల్లలతో కలిసి మాంసానికి పొగబెట్టే చిన్న కొట్టంలోకి మారింది, అందులో చుట్టాలకి చోటెక్కడిది. మా అమ్మకి ఈ కథ చెప్తే కాసేపు ఆలోచించి, "నాకు అప్పట్లో ఈ ఐడియా తట్టలేదు" అంది.

ఇక నాకు బాగా ఇష్టమైనావిడ గాయని జీన్ రిచీ. 1922లో వైపర్ అనే పల్లెలో పుట్టింది, 14 మంది పిల్లల్లో ఆఖరిది. ఇంటి నిండా పాటలే. చదువయ్యాక న్యూయార్క్‌లో పేద పిల్లల కోసం నడిచే ఒక సంస్థలో పనికి చేరి, వాళ్ళకి తన కొండల ఆటలూ పాటలూ నేర్పడం మొదలుపెట్టింది. స్టేజీ తర్వాత వచ్చింది. 1952లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద బ్రిటన్, ఐర్లండ్ వెళ్ళి, తన అమ్మానాన్నలు పాడిన పాటలు ఇక్కడ ఎవరైనా పాడుతున్నారా అని ఊరూరా వెతికింది.

ఆవిడ వాయించేది డల్సిమర్. ఒళ్ళో అడ్డంగా పెట్టుకుంటారు, మామూలుగా మూడు తీగలు. ఒక తీగ మీదే పాట నడుస్తుంది, మిగతావి మన తంబూరాలాగా శ్రుతి పట్టుకుని ఉంటాయి. మా అమ్మాయి క్లాసుకి వెళ్తుంది కాబట్టి దగ్గరుండి చూశాను. ఎడమ చేతిలో చిన్న కర్రముక్క, దాన్ని తీగ మీద అదిమి జరుపుతుంటే ఆ రాపిడి చప్పుడు కూడా వినిపిస్తుంది. కుడి చేతిలో పూర్వం బాతు ఈక ఉండేదట, మా అమ్మాయి క్లాసులో పాల డబ్బా ప్లాస్టిక్ కత్తిరించి పిల్లలకి ఇస్తారు. నొటేషన్ కూడా అంకెలే, ఏ మెట్టు మీద నొక్కాలో అదే రాసి ఉంటుంది. మొదటి రోజే పిల్లకి ఒక పాట వచ్చేసింది, ఆ వారమంతా మాకు నిద్ర లేదు.

ఇవన్నీ తీపి తీపి జానపదాలనుకునేవు, ఆగు. తాతల కాలంలో కంపెనీ ఏజెంట్లు వచ్చి, "భూమి మీకే ఉంటుంది, కింద ఉన్న బొగ్గు మాత్రం మాది" అని కారుచౌకగా కాగితాలు రాయించుకున్నారు, సంతకాలు పెట్టినవాళ్ళలో చాలామందికి చదువు రాదు. తర్వాత బుల్‌డోజర్లు వచ్చాయి, ఆ కాగితం చూపించి పైనున్న పొలం, తోట, అన్నీ తవ్విపోశారు. 1965లో, హిండ్‌మన్ ఉన్న నాట్ కౌంటీలోనే (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఓలీ కోంబ్స్ అనే వితంతువు తన కొండ మీదకి వస్తున్న బుల్‌డోజర్ ముందు కూర్చుంది, పోలీసులు చేతులూ కాళ్ళూ పట్టుకుని మోసుకుపోయారు. ఆ ఫోటో చూస్తే నీకు రక్తం మరుగుతుంది. యజమాని ఒప్పుకోకుండా అలా తవ్వకూడదని మా రాష్ట్ర రాజ్యాంగానికి సవరణ వచ్చేసరికి 1988 అయింది. జీన్ రిచీ నల్లబడిన వాగుల మీద, గని మూతపడ్డాక ఇక ఆగని రైలు మీద పాటలు కట్టింది. రైలు పాటని పేరున్న కంట్రీ గాయకుడు జానీ క్యాష్ కూడా పాడాడు. వాటిలో కొన్నిటిని మొదట తాత పేరుతో బయటపెట్టింది తెలుసా! ఆ పాటల్లో వాగూ కొండా ఊరికే అందానికి ఉండవు, నష్టపోయిన పక్షాలుగా ఉంటాయి. నాకు వీళ్ళ దగ్గర నచ్చిందే అది.

ఇదంతా తెల్లవాళ్ళ సంగీతం అని ఇక్కడే చాలామంది అనుకుంటారు, అదొక పెద్ద అజ్ఞానం. బాంజో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలతో వచ్చిన వాయిద్యం. 1927లో బ్రిస్టల్‌లో రికార్డు చేసిన కార్టర్ ఫ్యామిలీని కంట్రీ సంగీతానికి మొదటి కుటుంబం అంటారు. ఆ ఏ.పీ. కార్టర్ ఆ తర్వాత పాటల కోసం కొండలు తిరిగేటప్పుడు వెంట తీసుకెళ్ళింది లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టుని. కార్టర్ మాటలు రాసుకుంటే రిడిల్ వరసలు గుర్తుపెట్టుకునేవాడు. పేరు ఎవరికొచ్చిందో నీకు చెప్పక్కర్లేదు.

2022 జూలైలో ట్రబుల్‌సమ్ క్రీక్ పొంగింది. ఆ చుట్టుపక్కల కౌంటీల్లో 40 మందికి పైగా పోయారు. రచయితల వారం అప్పుడే నడుస్తోంది, రాత్రికి రాత్రి లేచి పైకి పరిగెత్తారు. తెల్లారాక చూస్తే పాత ఫోటోలు, ఉత్తరాలు, వాయిద్యాలు బురదలో. పెన్నులు పట్టుకోవడానికి వచ్చినవాళ్ళు పారలు పట్టుకున్నారు. హిండ్‌మన్‌లోనే మత్తు మందు అలవాటు నుంచి బయటపడుతున్నవాళ్ళకి గిటార్లు, మాండలిన్లు చేసే పని నేర్పి ఉద్యోగమిచ్చే వర్క్‌షాప్ ఒకటుంది, అందులోకీ నీళ్ళొచ్చాయి. మళ్ళీ కడిగి మొదలుపెట్టారు.

సరే, మీ బడి విషయానికొస్తా. నార్త్ కరోలినాలో స్పార్టా అనే ఊళ్ళో హెలెన్ వైట్ అని స్కూల్ కౌన్సిలర్ ఉండేది. 2000లో బడి అయ్యాక పిల్లలకి ఫిడేలు, బాంజో, గిటార్ నేర్పే కార్యక్రమం పెట్టింది. నేర్పేది ఊళ్ళో వాయించేవాళ్ళే, కాగితం చూడకుండా విని పట్టుకోవడమే. ఇప్పుడది చుట్టుపక్కల రాష్ట్రాలకి పాకింది. మా రాష్ట్రంలో ఆర్ట్స్ కౌన్సిల్ అయితే ఒక గురువుని, ఒక శిష్యుణ్ణి జంటగా తీసుకుని డబ్బిస్తుంది. గమనించావా, దండా శాలువా కాదు, నేర్పినందుకు జీతం.

అందుకే చెప్తున్నా, ఆ ముసలాయన్ని వార్షికోత్సవానికి పిలిచి ఒక గంట పాడించి పంపేయకు. వారానికో సాయంత్రం, పది మంది పిల్లలు, ఏడాది పొడుగునా. ఆయనకి నెలనెలా ఇచ్చే డబ్బు నేనూ ఇక్కడ మనవాళ్ళు ఇద్దరు ముగ్గురూ చూసుకుంటాం, ఆ టెన్షన్ పెట్టుకోకు. మీ హెడ్మాస్టరు గారు బడి తర్వాత గది ఇస్తారో లేదో, ఆ ముసలాయన ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కుని రాయి. జముకులు పిల్లల సైజులో చేసేవాళ్ళు దొరుకుతారేమో కూడా అడుగు.

నీ
బావ