మా పాపకి ఫిట్స్ ఆగాయి, సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

పోయిన సంక్రాంతి నుంచి మా పాపకి ఫిట్స్ రాలేదు. మా కోసం కష్టపడినవాళ్ల గురించి నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందుగా పిల్లల న్యూరాలజిస్ట్ మేడమ్‌గారికి. సరైన మందులు రెండు, సరిపడా మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు, మూర్ఛ ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మందిది ఇదే పరిస్థితి. మా పాపదీ అదే. అప్పటిదాకా మా ధ్యాసంతా తర్వాతి మందు ఏంటన్నదాని మీదే. ఆవిడ మాత్రం "ఏ టైమ్‌లో ఎక్కువ వస్తున్నాయమ్మా?" అని అడిగారు. పొద్దున్నే, పరగడుపున అని మా అత్తయ్య టక్కున చెప్పింది. ఆ మాట పట్టుకుని మేడమ్ వెన్ను నుంచి నీరు తీయించి గ్లూకోజ్ చూశారు. రక్తంలో షుగర్ మామూలుగానే ఉంది, వెన్ను నీటిలో బాగా తక్కువ! ఎస్‌ఎల్‌సీ2ఏ1 అనే జన్యువులో లోపం ఉందని తర్వాత జీన్ టెస్టులో తేలింది. దీన్ని గ్లూట్1 లోపం అంటారు. రక్తంలోని గ్లూకోజ్‌ని మెదడుకి చేర్చే ప్రొటీన్ సరిగా పనిచేయదు, బిడ్డ కడుపునిండా తిన్నా మెదడు పస్తే.

అదే వార్డులో ఒక బాబుకి మెదడులో పుట్టుకతో వచ్చిన లోపం, ఆపరేషన్ చేశారు. ఇంకో పాపకి పుట్టగానే షుగర్ పడిపోయి మెదడు దెబ్బతింది. పైకి అన్నీ ఫిట్సే, లోపల కారణాలు వేరు, వైద్యాలూ వేరు.

మా పాపకి కీటోజెనిక్ డైట్, అంటే కొవ్వు బాగా ఎక్కువ, పిండి పదార్థాలు బాగా తక్కువ ఉండే తిండి, మొదలుపెట్టారు. కొవ్వు నుంచి తయారయ్యే కీటోన్లు గ్లూకోజ్ బదులు మెదడుకి శక్తినిస్తాయి. డైటీషియన్‌గారు మా వంటింట్లో ఏముంటాయో అడిగి మరీ చార్ట్ రాశారు: గుడ్డు, పనీర్, మీగడ, కొబ్బరి నూనె, అన్నీ గ్రాముల్లో తూచే. అన్నం, అరటిపండు బంద్. జ్వరం సిరప్‌లో కూడా చక్కెర ఉంటుందని ఆవిడ చెబితేనే తెలిసింది, ఇప్పుడు మెడికల్ షాపు అన్న చక్కెర లేనిది వెతికి ఇస్తాడు. పక్కింటి పిన్నిగారు పండక్కి అరిసెలు వండి కూడా పాప కంటపడకుండా పంపించారు. అంగన్‌వాడీ టీచర్‌గారు ఎవరి పుట్టినరోజైనా చాక్లెట్ పాప చేతికి వెళ్లకుండా చూసుకుంటున్నారు. వీళ్లెవరికీ రుణం తీర్చుకోలేను.

డైట్ చార్ట్ పంపమని అడుగుతున్నవాళ్లకి పంపను, కోపం తెచ్చుకోకండి. కొన్ని జబ్బుల్లో ఈ డైట్ ప్రాణం మీదికి తెస్తుంది, డాక్టర్ చూడకుండా మొదలుపెట్టకూడదు. పరీక్షల గురించి, వంట గురించి ఎప్పుడైనా అడగండి, తెలిసినంతా చెబుతాను.