కోళ్ల దొడ్డికి ఇంటి కరెంటు పెట్టొద్దు

సంపాదకునికి,

ములుగు, తాడ్వాయి వైపు అడవి అంచు ఊళ్లలో నక్కలు, అడవిపిల్లుల భయంతో కొందరు దొడ్డి చుట్టూ జీఐ తీగ (జింకు పూత వేసిన ఇనుప తీగ) కట్టి నేరుగా ఇంటి కరెంటు ఇస్తున్నారు. పోయిన వానాకాలం మా పెరట్లోనూ 12 కోళ్లు పోయాయి, ఆ బాధ నాకు తెలుసు. కానీ 230 వోల్టుల తీగ పట్టుకుంటే వదలదు. చీకట్లో బర్రెను వెతుక్కుంటూ వచ్చిన మనిషికీ నక్కకూ తేడా దానికి తెలియదు.

సోలార్ ఫెన్సింగ్ యంత్రం వేరు. సుమారు సెకనుకోసారి, రెప్పపాటు కన్నా తక్కువసేపు షాక్ ఇస్తుంది. జంతువు ఝల్లుమని వెనక్కి పోతుంది, చావదు. ఎర్త్ రాడ్ (యంత్రాన్ని నేలకు కలిపే లోహపు కడ్డీ) తడి నేలలోకి లోతుగా దిగాలి. తీగకు గడ్డి తగిలితే షాక్ తగ్గుతుంది, కోస్తూ ఉండాలి. నాలుగు కోళ్లు, రెండు మేకలు ఉన్నవాళ్లు ఆ యంత్రం కొనలేరు. ప్రభుత్వం మహిళా సంఘాల ద్వారా సబ్సిడీపై ఇవ్వాలి.

— ఒక పాఠకుడు, ములుగు జిల్లా