లైబ్రరీలో ఆటకు ఒక పీరియడ్ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

పిల్లలను పుస్తకాల వైపు మళ్లించాలంటే పాయింట్లు, బ్యాడ్జీలు ఇవ్వాలంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. లైబ్రరీలోకీ తరగతిలోకీ ఆటలు రావాలన్న మాటతో నాకు పేచీ లేదు. బడి లైబ్రేరియన్‌గా నేను చేస్తున్న పనే అది. కానీ చదివిన పుస్తకానికల్లా ఓ స్టార్ అంటిస్తే అది ఆట ఎలా అవుతుంది? హాజరుపట్టీకి రంగులు వేసినట్టు ఉంటుంది. స్టార్లు మొదలయ్యాయంటే పిల్లలు ముందు వెతికేది సన్నటి పుస్తకాన్నే.

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే అమెరికన్ పరిశోధకులు బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి, రిబ్బన్ కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశ పెట్టి బొమ్మలు వేయించారు. కొన్నాళ్లకు సర్టిఫికెట్ ఊసెత్తకుండా రంగులు ముందు పెడితే, మిగతా పిల్లలు వేసినంతలో సగం సేపే వేశారు ఆ పిల్లలు. ఇష్టంగా చదివే పిల్లకు మనం ఎర చూపించడం దేనికి?

విజ్ఞానం పెంచే ఆటలంటూ అమ్మేవాటిలో చాలావాటిదీ ఇదే తంతు. వైకుంఠపాళి గళ్లలో జీకే ప్రశ్నలు అతికిస్తారు. జవాబు చెబితే నిచ్చెన, చెప్పకపోతే పాము. ఆ ప్రశ్నలు పీకేసినా ఆటకు వచ్చే నష్టమేమీ లేదు. 1904లో లిజీ మాగీ అనే అమెరికన్ మహిళ పేటెంట్ తీసుకున్న ‘ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ చూడండి. భూమి కొందరి చేతుల్లో పోగుపడితే అద్దెలు కట్టేవాళ్లు ఎలా చితికిపోతారో చూపించాలని ఆవిడ దాన్ని తయారుచేశారు. అద్దె కట్టీ కట్టీ చేతిలో డబ్బు అయిపోతుంటే సంగతి దానంతట అదే బుర్రకెక్కుతుంది. (అదే ఆట తర్వాత మోనోపలీగా మారి, పక్కవాణ్ని దివాలా తీయించడమే సరదా అయిపోయింది. ఆవిడ ఖర్మ!)

మా పిల్లలు ఆడే ఆటకు అట్టముక్కలు చాలు. ఒక్కోదాని మీద ఒక పుస్తకం డ్యూయీ నంబరు, అంటే విషయాన్ని బట్టి ఆ పుస్తకం ఏ అరలో ఎక్కడ ఉండాలో చెప్పే నంబరు, ఉంటుంది. అట్ట తీసిన జట్టు ఆ పుస్తకం వెతికి తేవాలి. మొదట్లో ముందు తెచ్చినవాళ్లదే గెలుపు. దాంతో పరుగెత్తగలిగినవాడే గెలిచేవాడు, పుస్తకాలు నేలమీద పడేవి. ఎప్పుడూ ఓడిపోయే ఒక అబ్బాయి కొత్త రూల్ పెట్టాడు: పుస్తకాన్ని తిరిగి దాని చోట పెట్టినప్పుడే పాయింట్, తప్పుచోట పెడితే, ఆ తప్పు పట్టుకున్న జట్టుకి ఆ పాయింట్. అంతే, పరుగులు ఆగాయి. అందరి కళ్లూ అరల మీదే.

పక్షుల అర దగ్గర గొడవ వచ్చింది. 598.2 ముందా, 598.15 ముందా? “రెండు కంటే పదిహేను పెద్దది కదా మేడం” అని ఒక జట్టు. అవతలి జట్టు అమ్మాయి రెండు పక్కన సున్నా చేర్చి, 598.20 అని రాసి చూపించింది. నేను నోరు విప్పలేదు. మర్నాడు లెక్కల టీచర్ ఆ అట్టముక్కలు అడిగి పట్టుకెళ్లారు.

ఆడించడం కంటే ఆట తయారుచేయించడం ఇంకా మంచిదని నా అభిప్రాయం. రూల్స్ కాగితం మీద రాయిస్తాను. వేరే జట్టు అది చదివి ఆడాలి, రాసినవాళ్లు పక్కనే నిలబడి చూడాలి తప్ప ఒక్క మాట అందించకూడదు. “అట్ట తీసుకోవాలి” అని రాస్తారు. ఎవరు, ఎప్పుడు, ఎన్ని? చదివినవాళ్లు తెల్లమొహం వేస్తారు. రాసిన పిల్లలు పెదవి కొరుక్కుంటూ ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాస్తారు. నేను ఎర్రసిరాతో దిద్దిన ఏ వ్యాసాన్నీ వాళ్లంత శ్రద్ధగా తిరగరాయలేదు.

లైబ్రరీలో ఈ గోలేమిటని అడిగేవాళ్లు ఉంటారు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ తన భవనానికి వందేళ్లు నిండిన సందర్భంగా 2011 మేలో 500 మందిని రాత్రంతా లోపల ఉంచి, జేన్ మెక్‌గొనిగల్ అనే గేమ్ డిజైనర్ రూపొందించిన ఆట ఆడించింది. అక్కడి అపురూప వస్తువులను వెతికి చూస్తూ, వాటి ఆధారంగా తెల్లవారేసరికి వాళ్లంతా కలిసి ఒక పుస్తకం రాశారు. మాకు అంత అక్కర్లేదు. వారానికి ఒక పీరియడ్, పరీక్షల పేరు చెప్పి లాగేసుకోనిది, టైంటేబుల్‌లో ఉంటే చాలు.

మీకూ ఒక మనవి. పిల్లల పేజీలో వారానికొక ఆట రూల్స్ వేయండి, పిల్లలే రాసినవి, మీరు దిద్దకుండా. ఆడబోయి అర్థంకాక ఆగిపోయినవాళ్ల ఫిర్యాదులు పై వారం వేయండి.

ఇట్లు,
ఒక బడి లైబ్రేరియన్