హెడ్‌సెట్ కొనేముందు కంప్యూటర్ వెనక్కి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో వీఆర్ హెడ్‌సెట్ల పట్టిక చూశాను, కళ్లకి కట్టుకుంటే చుట్టూ కంప్యూటర్ బొమ్మ కనబడేవి. ధర, పిక్సెళ్లు (తెర మీది చుక్కలు), బరువు, చివర నక్షత్రాలు. కత్తి తిప్పే ఆటలు ఆడే కుర్రాళ్లకి అది చాలేమో గానీ, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని విమానం నడిపే నాలాంటి వాళ్లు గుంటూరులోనూ ఉన్నారండీ. మాకు ఆ పట్టిక పనికిరాకపోవడమే కాదు, దాన్ని నమ్ముకుని కొంటే డబ్బులు పోతాయి. నాకు పోయాయి కాబట్టి రాస్తున్నా.

పోయినేడు విజయవాడలో ఒక షాపులో, పేరెందుకు లెండి, పెద్ద పెద్ద అంకెలున్న హెడ్‌సెట్ కొన్నాను. దానికి కంప్యూటర్ నుంచి బొమ్మ అందుకోవడానికి డిస్‌ప్లేపోర్ట్ అనే సాకెట్ కావాలి. నా ల్యాప్‌టాప్‌కి ఉన్నది హెచ్‌డీఎంఐ, అది వేరే రకం. "కన్వర్టర్ పెట్టుకుంటే సరిపోద్ది సార్" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. రెండు కన్వర్టర్లు మార్చినా చీకటే. ల్యాప్‌టాప్‌కి టైప్-సీ పోర్టు ఉంది కదా అని అందులో పెడితే, అది లోపల బొమ్మలు గీసే పెద్ద గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా ప్రాసెసర్‌తో వచ్చే చిన్న చిప్‌కి కలిపి ఉందట. చాలా ల్యాప్‌టాప్‌లలో ఇదే తంతు అని తర్వాత తెలిసింది. తొమ్మిది వేలు కోసుకుని వెనక్కి తీసుకున్నారు. మీ పట్టికలో పోర్టుల గడి ఒకటి ఉంటే ఆ తొమ్మిది వేలూ నా జేబులోనే ఉండేవి.

అసలు ఈ వయసులో ఇదంతా ఎందుకంటారా? గన్నవరం రన్‌వే 3360 మీటర్లు, నేను నడిపే చిన్న విమానం సెస్నా 172కి అదొక మైదానం. అంత ఉన్నా మామూలు మానిటర్ మీద నేను సగం సార్లు పక్కకి పోయేవాణ్ణి. రన్‌వేకి సమాంతరంగా వెళ్లి, తిరిగి, మళ్లీ దాని ముందుకి తిరగాలి కదా, ఆ తిరిగేటప్పుడు భుజం మీదుగా వెనక్కి చూసి రన్‌వే ఎక్కడుందో పట్టుకోవాలి. మానిటర్ మీద అది జాయ్‌స్టిక్ బొత్తం నొక్కి చూసే పని, నొక్కేలోపు మలుపు దాటిపోతుంది. హెడ్‌సెట్‌లో మెడ తిప్పితే చాలు. నేల ఇంకెంత దూరం ఉందన్నదీ రెండు కళ్లకీ తెలుస్తుంది కాబట్టి ముక్కు ఎప్పుడు పైకెత్తాలో అంచనా దొరుకుతుంది. కృష్ణా నది మీద కిందుగా వస్తుంటే ప్రకాశం బ్యారేజీ ఎదురైనప్పుడు ఒళ్లు ఝల్లుమంది, అబద్ధం ఎందుకు. ఇళ్లు మాత్రం ఉపగ్రహ చిత్రం మీద కంప్యూటర్ సొంతంగా లేపినవి, మన వీధి వెతుక్కోవద్దు.

ఇక పిక్సెళ్ల సంగతి. ఎక్కువ ఉంటే మంచిదేగా అంటారు. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో ఉన్నవి 20 లక్షల చిల్లర. మెటా వాళ్ల క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌లో కంటికి 2064×2208, రెండు కళ్లకీ కలిపితే 91 లక్షలు. పిమాక్స్ క్రిస్టల్ లైట్ అనే ఇంకో హెడ్‌సెట్‌లో కంటికి 2880×2880, అంటే మొత్తం కోటీ 65 లక్షల పైమాటే. కటకాల వంపు సరిచేయడానికి కంప్యూటర్ ఇంతకంటే ఎక్కువే గీయాల్సి వస్తుంది. ఇవన్నీ గీయాల్సింది హెడ్‌సెట్ కాదు, మీ గ్రాఫిక్స్ కార్డు. విమానం నడిపించే సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అయినా ఎక్స్-ప్లేన్ 12 అయినా ఒక్క మానిటర్‌కే కార్డుకి చెమటలు పట్టిస్తాయి. హెడ్‌సెట్ సెకనుకి 72 చిత్రాలు అడుగుతుంటే, చాలామంది 36 దగ్గర స్థిరంగా ఉంచుకుని మిగతా సగం సాఫ్ట్‌వేర్‌తో అల్లిస్తారు. నేనూ అంతే. అప్పుడు ప్రొపెల్లర్ దగ్గరా రెక్క అంచు దగ్గరా నీళ్లలోంచి చూసినట్టు వణుకుతుంది, దానికి అలవాటు పడాలి. కార్డు పాతదైతే ఖరీదైన హెడ్‌సెట్ కొనడం మోపెడ్‌కి ట్రాక్టర్ ట్రాలీ కట్టడమే. ఆ డబ్బు ముందు కార్డు మీద పెట్టండి, లేదంటే ఓపెన్‌ట్రాక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, వెబ్‌క్యామ్‌తో మీ తల కదలిక పట్టుకుని మానిటర్ మీదే చూపు తిప్పుతుంది, కొన్నాళ్లు దాంతో సరిపెట్టుకోండి.

పిక్సెళ్ల కంటే నేను చూసేది కటకాలు. పాత రకం ఫ్రెనెల్ కటకాల్లో మధ్యలోనే స్పష్టంగా ఉంటుంది, అంచులకి పోయేకొద్దీ అలుక్కుపోతుంది. తుపాకీ ఆటల్లో తల తిప్పుతూనే ఉంటారు కాబట్టి అంత తెలీదు. విమానంలో అలా కాదు, తల రన్‌వే వైపే ఉంచి కళ్లు మాత్రం కిందకి దించి వేగం, ఎత్తు చదువుకోవాలి. అక్కడ మసకగా ఉంటే ప్రతిసారీ మెడ వంచాలి, అరగంటకే నొప్పి. క్వెస్ట్ 3లో ఉన్న పాన్‌కేక్ కటకాల్లో ఈ బాధ బాగా తక్కువ. 2024లో వచ్చిన క్వెస్ట్ 3ఎస్ చవక, 3 మొదలైంది 499 డాలర్లకైతే ఇది 299కే, కానీ అందులో మళ్లీ ఫ్రెనెల్ కటకాలే, కంటికి 1832×1920. మీ పట్టికలో రెండిటికీ పక్కపక్కనే నాలుగేసి నక్షత్రాలు!

నేను చివరికి తీసుకున్నది క్వెస్ట్ 3. యూఎస్‌బీ తీగతోనో వైఫైతోనో కలుస్తుంది కాబట్టి డిస్‌ప్లేపోర్ట్ గొడవ లేదు. బొమ్మని నొక్కి కుదించి పంపుతుంది, అందుకని దూరంగా ఉన్న చెట్లు కాస్త పలచబడతాయి, డిస్‌ప్లేపోర్ట్ ఉన్నవాటి శుభ్రత రాదు. డెస్క్‌టాప్, గట్టి కార్డు ఉన్నవాళ్లు అటే పోవచ్చు. వైఫై అయితే కంప్యూటర్‌ని రూటర్‌కి తీగతో కలపాలి, రూటర్ అదే గదిలో ఉండాలి. బ్యాటరీ సుమారు రెండు గంటలు, సెస్నాలో హైదరాబాద్ వెళ్లడానికి చాలు.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. హెచ్‌పీ రివర్బ్ జీ2 ఒకప్పుడు మా వాళ్లకి ఎంతో ఇష్టమైన హెడ్‌సెట్, ఇప్పుడు చవగ్గా కనబడుతుంది. అది ఆధారపడే విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ అనే సాఫ్ట్‌వేర్‌ని, 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి తీసేశారు. ఔత్సాహికులు రాసిన డ్రైవర్లతో నడుపుకోగలం అనుకునేవాళ్లు సరే, మిగతావాళ్లు చవక కదా అని ఎగబడొద్దు.

కళ్లజోడు ఉన్నవాళ్లు ఇది చదవండి. తెర కంటికి రెండంగుళాల్లో ఉన్నా కటకాల వల్ల కంటికి అది మీటరు, రెండు మీటర్ల దూరంలో ఉన్నట్టే. కాబట్టి దగ్గరి చూపు అద్దాలు అక్కర్లేదు, దూరపు చూపు అద్దాలు కావాలి. నేను ప్రోగ్రెసివ్ అద్దాలతో (పైన దూరానికి, కింద దగ్గరికి) పెట్టుకుని నెల రోజులు హెడ్‌సెట్‌ని తిట్టుకున్నా. అరండల్‌పేటలో కళ్లద్దాల షాపుకెళ్లి దూరపు చూపు నంబరు, రెండు కనుపాపల మధ్య దూరం కొలిపించుకుని, హెడ్‌సెట్‌లో బిగించే అద్దాలు తెప్పించుకున్నాక గానీ సెస్నాలో ఎత్తు మీటరు సరిగా చదవలేకపోయా. కనుపాపల దూరం 66 మిల్లీమీటర్లు నాది. క్వెస్ట్ 3లో చక్రం తిప్పి సరిపెట్టుకోవచ్చు, 3ఎస్‌లో మూడే స్థానాలు.

మన ఎండల గురించి ఎవరూ రాయరు. మే నెలలో మధ్యాహ్నం ముఖానికి ఆ స్పాంజి కట్టుకుంటే పది నిమిషాల్లో కటకాలు ఆవిరి పట్టేస్తాయి. ఫ్యాన్ ఎదురుగా, తెల్లవారుజామున, లేదా ఏసీ గదిలో. కరెంటు పోతే మా ఇన్వర్టర్ ఫ్యాన్లకీ లైట్లకీ తప్ప ఈ కంప్యూటర్‌కి చాలదు. గది చీకటైతే హెడ్‌సెట్ కెమెరాలకీ ఏమీ కనపడదు. మొదట్లో ఇరవై నిమిషాలకి మించొద్దు, కడుపులో తిప్పితే వెంటనే తీసేయాలి, అల్లం మురబ్బా దగ్గర పెట్టుకోండి.

ఈసారి ఇలాంటి పట్టిక వేస్తే పోర్టు ఏది, కటకం ఏ రకం, కనుపాపల దూరం ఎంతవరకు సరిపడుతుంది, ఈ మూడు గళ్లు పెట్టించండి. నక్షత్రాలు తీసేసినా ఫరవాలేదు.

ఇంకోటి మర్చిపోయా. హెడ్‌సెట్ పెట్టుకుంటే కీబోర్డు కనపడదు, బ్రేకు వేయబోయి ఇంకేదో నొక్కేస్తాం. నేను ముఖ్యమైన మీటల మీద బొట్టుబిళ్లలు అంటించా, వేలికి తగలగానే తెలిసిపోతుంది. మా ఆవిడకి ప్యాకెట్ ఏమైందో ఈ ఉత్తరం చదివాకే తెలుస్తుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు