నాలుగు రోజుల క్యాప్‌కు ఎనిమిది రోజులు ఎందుకు పడుతోంది

క్యాప్‌లు (పంటి తొడుగులు), కట్టుడు పళ్లు చేసే మా ల్యాబుకు కేసులు పంపే పంటి డాక్టర్లందరికీ నమస్కారం.

రెండు నెలలుగా మీలో చాలామంది ఫోనులో అడుగుతున్నది ఒకటే మాట: "ఏమండీ, ఇంకా కాలేదా?" ప్రతిసారీ నేను "సాయంత్రం బస్సుకు వేస్తున్నాను" అన్నాను. నిజం చెప్పాలంటే అందులో సగం సార్లు కేసు ఇంకా మొదటి మెట్టులో, మైనం దగ్గరే ఉంది. అబద్ధం చెప్పడానికి కూడా కొంత ఓపిక కావాలి. అది అయిపోయింది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

దసరాకు ముందు శ్రీకాకుళంలోని మా ల్యాబులో ఆరుగురం ఉండేవాళ్లం. ఇప్పుడు పాతవాళ్లం నలుగురం. వెళ్లిన ఇద్దరూ సెరామిక్ (పింగాణీ) పనివాళ్లే. పెద్దవాడు పదేళ్లు నా పక్క బెంచీ మీద కూర్చున్నవాడు. హైదరాబాదులో ఒక పెద్ద ల్యాబు వాళ్లు నెలకు 38 వేలు, గది ఇస్తామన్నారు. నేను ఇస్తున్నది 22 వేలు. వెళ్లే ముందు రోజు బెంచీ శుభ్రంగా తుడిచి, కుంచెలు కడిగి, నా కాళ్లకు దండం పెట్టి వెళ్లాడు. ఏమంటాం? వాడి స్థానంలో నేనున్నా వెళ్లేవాడినే. రెండోవాడు గల్ఫ్‌కు వెళ్లాడు. ఈ జిల్లాలో పని నేర్చినవాడు బండెక్కడం కొత్త విషయం కాదు. మన జాలర్లు చేపలు పట్టడానికి గుజరాత్ దాకా వెళ్తారు, మన తాపీ మేస్త్రులు చెన్నైలో మేడలు కడతారు. పళ్లు చేసేవాడు మాత్రం ఇక్కడే కూర్చోవాలని అనడానికి నాకు నోరు రాలేదు.

"ఇద్దరు పోతే మరో ఇద్దరిని పెట్టుకోండి" అని ఒక డాక్టరు గారు సలహా ఇచ్చారు. అసలు చిక్కు అక్కడే ఉంది. సెరామిక్ చేయి అంగట్లో దొరికేది కాదు.

మీకు తెలిసిన పనే అయినా, బెంచీ వైపు నుంచి ఎలా ఉంటుందో ఒకసారి చెప్పనివ్వండి. మెటల్ టోపీ మీద ముందు, లోహం రంగు బయటికి కనిపించకుండా, ఒపేక్ పూత వేసి కాలుస్తాం. తరువాత డెంటిన్ పొడిని (పన్ను లోపలి పొర రంగుది) నీటితో కలిపి కుంచె కొనతో కొంచెం కొంచెంగా పేరుస్తాం. పైన ఎనామెల్, అంటే పన్ను పైపొరలా కనిపించే పొడి. మధ్యమధ్యలో మోడల్‌ను మెల్లగా తట్టి, పైకి తేలిన నీటిని పలుచని కాగితంతో పీలుస్తాం. నీరు ఎక్కువైతే ముద్ద జారుతుంది, తక్కువైతే పొడిగా రాలుతుంది. ఇంత చేసి కొలిమిలో దాదాపు 900 డిగ్రీల దగ్గర కాలిస్తే ఆ పింగాణీ ఘనపరిమాణంలో 30 నుంచి 40 శాతం దాకా కుంచించుకుపోతుంది. అంటే మనం చేసేది పన్ను కాదు, కాలిన తరువాత పన్నుగా మారబోయే ఒక ఉబ్బెత్తు ముద్ద. ఎంత ఉబ్బుగా పెడితే ఎంతకు దిగుతుందో పుస్తకంలో చదివినా చేతికి రావడానికి కనీసం రెండేళ్లు పడుతుంది. నాకు మూడేళ్లు పట్టింది.

మా నాన్నగారు నరసన్నపేటలో బంగారు పని చేసేవారు. మైనంతో అచ్చు తీసి, చుట్టూ మట్టి పెట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోయడం నేను పదేళ్ల వయసులోనే చూశాను. క్యాప్ కాస్టింగ్ కూడా అదే తంతు. మట్టికి బదులు వేడికి తట్టుకునే ఇన్వెస్ట్‌మెంట్ పొడి, బంగారానికి బదులు నికెల్ క్రోమియం. రెడీమేడ్ నగల దుకాణాలు వచ్చి మా ఇంట్లో కొలిమి చల్లారాక నేను విశాఖ వెళ్లి ఒక మాస్టారి దగ్గర ఈ పనిలో చేరాను. మొదటి ఎనిమిది నెలలు ప్లాస్టర్ కలపడం, ట్రేలు (నోటి అచ్చు తీసే పళ్లేలు) కడగడం, టీ తేవడం. జీతం లేదు, భోజనం ఉంది. ఈ వృత్తిలో నాకు తెలిసిన వాళ్లందరూ ఇలా నేర్చుకున్నవాళ్లే.

దీనికి చదువు లేదా అంటే ఉంది. 1948లో వచ్చిన దంత వైద్యుల చట్టంలోనే మా పనివాళ్లకు డెంటల్ మెకానిక్ అనే పేరు పెట్టారు, వారికి వేరే రిజిస్టరు ఉండాలని కూడా రాశారు. రెండేళ్ల డిప్లొమా ఉంది. కానీ ఆ డిప్లొమా చేతబట్టుకుని మా ల్యాబు మెట్లెక్కి పని అడిగినవారు ఈ పదిహేడేళ్లలో ఇద్దరే ఇద్దరు. అదే కాలంలో "సార్, కొత్తగా క్లినిక్ పెట్టాను, మీ రేట్ల పట్టిక పంపండి" అని ఫోను చేసిన యువ డాక్టర్లను లెక్కపెట్టడం నేను ఎప్పుడో మానేశాను. నేను మొదలుపెట్టినప్పుడు టెక్కలిలో పంటి డాక్టరు కోసం వెతకాల్సి వచ్చేది. ఇప్పుడు పలాస, రాజాం, పాలకొండ, బొబ్బిలి, ఏ ఊరి మెయిన్ రోడ్డు మీద చూసినా రెండు మూడు బోర్డులు కనిపిస్తాయి. సంతోషమే, నా అన్నం కూడా అందులోనే ఉంది. కానీ ఒక డాక్టరు రోజుకు నలుగురి పళ్లు అరగదీసి కొలతలు తీస్తే, ఆ నాలుగూ చేయడానికి ఎక్కడో ఒక జత చేతులు ఉండాలి కదా. బీడీఎస్ ఐదేళ్లు చదివి బయటికి వచ్చేవారి వెనక, ఆ చేతులను తయారుచేసే ఏర్పాటు దాదాపు కనిపించదు. మీరు కూడా మొదటి ఏడాదిలో మైనపు కడ్డీ మీద పన్ను చెక్కినవారే, రెండో ఏడాదిలో కట్టుడు పళ్లు అమర్చినవారే. పట్టా వచ్చాక ఎవరూ మళ్లీ ఆ మైనం ముట్టుకోరు. తప్పు పట్టడం లేదు, మీ పని వేరు.

దీనికి తోడు గిరాకీ ఏడాదంతా ఒకేలా ఉండదు. సంక్రాంతికి పది రోజుల ముందు హైదరాబాదు, చెన్నై, బెంగళూరుల నుంచి జనం ఊళ్లకు వస్తారు. ఏడాదిగా వాయిదా వేసిన పన్ను అప్పుడే గుర్తొస్తుంది. కనుమ వెళ్లేలోగా క్యాప్ బిగించాలి, తిరుగు రైలు టికెట్టు ముందే తీసుకుని ఉంటారు. సిరిమానోత్సవం వారంలో విజయనగరం క్లినిక్కుల నుంచి కూడా ఇదే హడావుడి. ఆ రోజుల్లో నాకు పదిమంది పనివాళ్లు కావాలి, ఆషాఢంలో ముగ్గురు చాలు. పదిమందిని ఏడాదంతా పోషించే శక్తి చిన్న ల్యాబుకు లేదు. పెద్ద ఊరి ల్యాబుకు నాలుగు రాష్ట్రాల నుంచి కేసులు వస్తాయి కాబట్టి ఈ ఎగుడుదిగుడులు అక్కడ సర్దుకుపోతాయి.

ఇప్పుడు నా తప్పుల సంగతి. పోయిన నెల ఒక డాక్టరు గారికి పంపిన నాలుగు పళ్ల బ్రిడ్జి (కలిపి కట్టిన పళ్ల వరస) నోట్లో కూర్చోలేదు. మార్జిన్ (క్యాప్ అంచు) దగ్గర గోరు దిగేంత సందు. ఆ కేసులో సెరామిక్ చేసింది చేరి అయిదు నెలలైన కుర్రాడు. చూసి పంపాల్సింది నేను. బస్సుకు టైమవుతోందని చూడకుండా పెట్టె కట్టాను. ఆ పేషెంటు బొబ్బిలి అవతలి పల్లె నుంచి పని మానుకుని మళ్లీ రావలసి వచ్చింది. రీమేక్‌కు డబ్బు తీసుకోలేదు, కానీ ఆమె పోగొట్టుకున్న రోజు కూలి నేను ఇవ్వలేదు, ఇవ్వాలని అప్పుడు తోచలేదు కూడా. ఇంకొకటి. రెండేళ్ల క్రితం వరకు మా గ్రైండింగ్ బెంచీకి దుమ్ము లాగే మోటారు లేదు. ఇన్వెస్ట్‌మెంట్‌లో ఉండే సిలికా ధూళి, నికెల్ అరగదీసిన పొడి ఊపిరితిత్తులకు ఎంత చెడ్డవో తెలిసి కూడా, గుడ్డ మాస్కులతో సరిపెట్టాను. ఒక కుర్రాడి తల్లి వచ్చి, వాడి ముక్కులోంచి వచ్చిన నల్లటి చీమిడి చూపించి, వాడిని పని మాన్పించి తీసుకెళ్లింది. కుర్రాళ్లు ఈ పనికి రావడం లేదని నేను వాపోయేటప్పుడు ఆమె ముఖం గుర్తుకు వస్తుంది. మోటారు ఆ తరువాతే పెట్టించాను.

"జిర్కోనియా వచ్చింది, మిషను కోస్తుంది, మనుషులతో పనేమిటి?" అని మీలో కొందరు అంటున్నారు. జిర్కోనియా అంటే లోహం లేకుండా క్యాప్ చేసే గట్టి తెల్లటి సెరామిక్. మా దగ్గర జిర్కోనియా మిల్లింగ్ లేదు. ఇన్నాళ్లూ బిల్లు మీద మా పేరే ఉంది కానీ, ఆ కేసులు విశాఖలో చేయించి తెస్తున్నాం. ఇది ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మిషను కొనడానికి లక్షల అప్పు కావాలి, అది ఒక భాగం. రెండోది, మిషనుకు కూడా మనిషి కావాలి. కాల్చినప్పుడు జిర్కోనియా తగ్గుతుంది కాబట్టి 20 నుంచి 25 శాతం పెద్దదిగా కోస్తారు, ఆ లెక్క కంప్యూటర్ చూసుకుంటుంది. కానీ ఎదుటి పన్ను ఎక్కడ తగులుతుంది, చిగుళ్ల దగ్గర ఎంత ఉబ్బు ఉండాలి, ఇది నమిలే పన్నా కొరికే పన్నా, అన్నది తెర ముందు కూర్చున్నవాడికి తెలియాలి. పన్ను రూపం తెలియనివాడు కంప్యూటర్లో గీసినా గులకరాయే వస్తుంది.

మిషనుకు ఇవ్వలేని కేసులూ ఉన్నాయి. మన తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్లు మీకు తెలుసు, చుట్ట కాలే కొన నోట్లో పెట్టుకునేవాళ్లు. వాళ్లకు వచ్చే క్యాన్సర్ ఎక్కువగా అంగిట్లోనే. ఆపరేషన్‌లో అంగిలి తీసేశాక నోటికీ ముక్కుకూ మధ్య గోడ ఉండదు. తాగిన మంచినీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట గాలిలో కలిసిపోతుంది. ఆ రంధ్రాన్ని మూసే ప్లేటుకు పైన బోలుగా ఒక బుడిపె చేయాలి. గట్టిగా చేస్తే బరువుకు జారిపోతుంది. మరీ పలుచగా చేస్తే పగులుతుంది. ఏడాదికి అయిదారు కేసులకు మించి రావు. లాభం ఏమీ లేదు. వాటిని చేసే చేయి ఆ పెద్దవాడిదే, హైదరాబాదు వెళ్లినవాడిది. పోయిన వారం ఒకటి వస్తే రాత్రి భోజనం చేశాక నేనే కూర్చున్నాను. రెండుసార్లు పాడైంది. మూడోసారి కుదిరింది. ఆ పేషెంటు గ్లాసుతో నీళ్లు తాగి, ముక్కు తడుముకుని చూసుకుందని డాక్టరు గారు ఫోనులో చెప్పారు. ఇలాంటి కేసులు మాత్రం ఎంత రద్దీ ఉన్నా తీసుకుంటాను, పంపండి.

ఇక నేను చేయబోయేది. ఇద్దరిని కొత్తగా తీసుకున్నాను. ఒక అమ్మాయి, ఆమదాలవలస నుంచి రోజూ వస్తుంది, ఇంటర్ బైపీసీ. ఒక కుర్రాడు, ఐటీఐ ఫిట్టర్. మొదటి రోజు నుంచే నెలకు 8 వేలు ఇస్తున్నాను, ఆరు నెలల తరువాత పెంచుతాను. టీ తేవడం వాళ్ల పని కాదు. ఉదయం ఒక గంట బెంచీ పని ఆపి పన్ను రూపం గీయిస్తున్నాను, సబ్బు మీద చెక్కిస్తున్నాను. నేను నేర్చుకున్నప్పుడు ఇది లేదు. మొదటి ఆరేళ్లు అయిదో నంబరు పన్నుకూ నాలుగో నంబరుకూ (కోరపన్ను వెనక ఉండే రెండు చిన్న నమిలే పళ్లు) తేడా చూపు మీద చేశానే తప్ప ఎందుకో తెలియదు. మీలో ఒకరు పాత పుస్తకం ఇచ్చి చదవమన్నాక తెలిసింది. ఆ పుస్తకమే ఇప్పుడు వీళ్ల చేతుల్లో ఉంది, అట్ట ఊడిపోయింది. నేనిచ్చే కాగితానికి సర్కారు విలువ లేదని ఇద్దరికీ ముందే చెప్పాను. పని వచ్చాక వాళ్లూ హైదరాబాదు బండెక్కుతారేమో. ఎక్కినా సరే అనుకునే మొదలుపెట్టాను.

దీనికి ఖర్చుంది కాబట్టి వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మెటల్ సెరామిక్ క్యాప్ ధర 450 రూపాయల నుంచి 550కి పెరుగుతుంది. కట్టుడు పళ్ల ధర మారదు. క్యాప్‌కు ఎనిమిది పని దినాలు, అయిదు పళ్లు దాటిన బ్రిడ్జికి పన్నెండు. మెటల్ ట్రయల్ (పింగాణీ వేయకముందు లోహాన్ని నోట్లో పెట్టి చూడడం) అడిగితే మరో మూడు. వేసవి దాకా కొత్త క్లినిక్కులను తీసుకోవడం లేదు, దయచేసి తెలిసినవారికి నా నంబరు ఇవ్వకండి. ఇది రాస్తుంటే నాకే వింతగా ఉంది. జిర్కోనియా బిల్లు మీద ఇకపై ఎక్కడ కోయించామో రాస్తాం.

మీ వైపు నుంచి ఒకటి కోరతాను. ఆల్జినేట్ (నోటి అచ్చు తీసే మెత్తటి ముద్ద) కొలతలను తడి దూదిలో చుట్టి బస్సులో పంపకండి. ఇచ్ఛాపురం నుంచి ఇక్కడికి వచ్చేసరికి అది నీరు పీల్చి ఉబ్బుతుంది, లేదా ఎండి కుంచించుకుపోతుంది, మేము ఎంత బాగా చేసినా క్యాప్ సరిగ్గా కూర్చోదు. పావుగంటలోపు మీ దగ్గరే స్టోన్ (గట్టి ప్లాస్టర్) పోసి మోడల్ పంపండి. మీ అసిస్టెంటుకు పోయడం రాకపోతే ఏ ఆదివారమైనా పంపండి, నేర్పుతాను. షేడ్‌ను (పన్ను రంగును) పగటి వెలుతురులో చూసి రాయండి. "కొంచెం తెలుపు" అన్నది షేడ్ కాదు.

బాకీల గురించి ఎవరికి వారికి విడిగా ఫోను చేస్తాను. మా అల్మారాలో మీ ట్రేలు పద్నాలుగు ఉన్నాయి, వెనక పేరు గీసి లేదు. ఈ వైపు వచ్చినప్పుడు చూసి, మీవైతే తీసుకెళ్లండి.