బండ బయటికి, పైపు లోపలికి

ఒరేయ్ సూరీ,

మొన్న ఫోన్లో నువ్వు "గ్యాస్ బండ పెరట్లో పెట్టేసి వంటింట్లోకి పైపు లాగిస్తున్నాం, బాత్రూముల్లో మిగిలిన సీపీవీసీ ప్లాస్టిక్ పైపుతోనే కానిచ్చేస్తానంటున్నాడు ప్లంబరు" అన్నప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. ఫోన్లో చెబితే సగం విని "సరేలేరా" అంటావు. అందుకే ఉత్తరం.

ముందు ఆ సీపీవీసీ ముక్కలు ఎవరికైనా ఇచ్చేయ్. "సలసల కాగే నీళ్ళకే ఏం కాదు సార్, గ్యాసెంత?" అంటాడు. మా ప్లంబరూ అదే అన్నాడు. వేడినీళ్ళు వేరు, మంట వేరు. వంటింట్లో పొరపాటున నిప్పంటుకుంటే ముందు మెత్తబడిపోయి గ్యాసు వదిలేది ఆ గొట్టమే. "మరి వీధుల్లో గ్యాసు కోసం పాతిపెడుతున్న పసుపు గొట్టం ప్లాస్టిక్కే కదా" అని లా పాయింటు తీస్తావని తెలుసు. అది పాలిథిలిన్. ఎండ తగలకుండా మట్టిలో ఉంటుంది. అతుకుల దగ్గర జిగురు రాయరు, కరెంటుతో కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తారు. గోడ పట్టుకుని పైకి లేచేసరికి మాత్రం అక్కడా ఇనప పైపే.

పోనీ నారింజరంగు సురక్ష ట్యూబునే గోడకి కన్నం పెట్టి లాగేద్దామంటావేమో. అదీ వద్దు. అది మీటరున్నర దాటకూడదు, గోడలోంచి పోకూడదు, అయిదేళ్ళకోసారి మార్చాలి. గోడలో ఉన్నదాన్ని ఎలుక కొరికినా నీకు తెలిసేదెలా?

ఇక మిగిలేవి జీఐ, అంటే జింకు పూత పూసిన ఇనప పైపు, లేదా రాగి. నేను పోయినేడు జీఐ వేయించాను. ఎర్రపట్టీ ఉన్న సీ క్లాసు పైపే తెచ్చాను, నీలం పట్టీది దానికంటే పల్చన. పైపు మంచిదే, చెడగొట్టింది అతుకు. నీళ్ళ పైపుకి చుట్టినట్టే మరలకి నార చుట్టి, సఫేదా అనే తెల్ల ముద్ద పూసి బిగించాడు ఆ ప్లంబరు. నీళ్ళలో నార తడిసి ఉబ్బి అతుకు పట్టేస్తుంది. గ్యాసులో తడి ఏదీ? ఎండి ముడుచుకుపోయింది.

పట్టుకున్నది ఎవరనుకున్నావు, మా అమ్మ! కత్తిపీట ముందేసుకుని బెండకాయలు తరుగుతూ "ఏదో కంపు కొడుతోందిరా" అంది. నిలబడి వంట చేస్తున్న మీ చెల్లెలికి ఏమీ తెలియలేదు. బండలో గ్యాసు గాలికంటే బరువు కదా, నేల మీదే పాకుతోంది. గ్యాసు ఆపే కాక్ కట్టేసి, తలుపులు బార్లా తీసి, వాసన పోయాక మళ్ళీ కాక్ తిప్పి, పైపు వంపు తిరిగే చోట బిగించిన ఎల్బో మీద సర్ఫ్ నురగ రాశాను. ఓ చిన్న బుడగ కప్ప గొంతులా ఉబ్బింది, పగిలింది, మళ్ళీ ఉబ్బింది. ఇప్పటికీ ఆ ఎల్బో చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

మీ విశాఖలో ఉప్పుగాలి ఇంకో తలనొప్పి. జీఐకి మరలు కోసిన చోట జింకు పూత పోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకే నన్నడిగితే నువ్వు రాగికి వెళ్ళు. ఖరీదెక్కువే, కాదనను. కానీ మెత్తటి రాగి చుట్ట అయితే వంపుల దగ్గర ఎల్బోలు లేకుండా వంచుకుంటూ పోవచ్చు. అతుకులెంత తగ్గితే నీకంత నిద్ర. రాగిని ఇనుముకి నేరుగా తగిలించనివ్వకు, మధ్యలో ఇత్తడి ఫిట్టింగు ఉండాలి. గోడ దాటే చోట పెద్ద గొట్టంలోంచి పోనివ్వు, గోడలోపల అతుకు మాత్రం పెట్టనివ్వకు. టైల్సు కింద దాచేద్దామని మీ ఇంట్లో అంటారు, అందం కోసం. ఒప్పుకోకు. పైకి కనిపించనీ.

పెరట్లో బండ పెట్టే చోటికి దగ్గర్లో కాలువ గానీ తూము గానీ ఉందా? ఉంటే చోటు మార్చు, కారిన గ్యాసు పోయి అందులో కూచుంటుంది. పొయ్యి దగ్గర ఒక కాక్, బండ దగ్గర ఒకటి. మొదలుపెట్టే ముందే మీ గ్యాస్ డిస్ట్రిబ్యూటరుకి చెప్పి, వాళ్ళ మెకానిక్ చూశాకే పొయ్యి వెలిగించు. అగ్గిపుల్ల గీసి లీకు చూస్తానంటే ఆ ప్లంబరుని అక్కడే ఆపు. 1906 నంబరు ఫ్రిజ్ మీద అంటించు, గ్యాసు లీకైతే అదే.

బండ దగ్గర నుంచి పొయ్యి దాకా ఎన్ని అడుగులో, ఎన్ని వంపులో కొలిచి రాయి. వచ్చే ఆదివారం నేనే వస్తున్నాను. కాజాలు తెస్తాను, మీ ప్లంబరుని కూడా ఉండమను.

నీ
రాజు
కాకినాడ